ఐదు ఆదివారాల నెల

ఆ ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి ఎన్నికలు ముగిసేదాకా, మా కర్నూలు డిపోలో హైదరాబాదు నైట్ సర్వీసు మీద నాకున్నంత హక్కు డిపో మేనేజరుకు కూడా లేదు. నెలలో రెండో ఆదివారానికీ నాలుగో ఆదివారానికీ ముందటి శనివారం రాత్రి ఆ బండికి కండక్టరు మద్దిలేటి, అంటే నేనే. మరొకరు ఎక్కడానికి వీల్లేదు. డ్యూటీ చార్టు వేసే కంట్రోలరు నన్ను అడగడం కూడా మానేశాడు. మిగతా కండక్టర్లు ఆ రెండు రాత్రులు నాకు వదిలేసినందుకు వాళ్ళ శ్రావణమాసం వ్రతాలు, వినాయక చవితులు, మరదళ్ళ పెళ్ళిళ్ళు అన్నిటికీ నేను డ్యూటీ చేసేవాణ్ణి. పండగపూట ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడటం కంటే టికెట్లు కొట్టడమే నయం.

కారణం డిపోలో అందరికీ తెలుసు. నాకూ పద్మావతికీ విడాకులిచ్చిన జడ్జిగారు, మా పాప హరిత తల్లి దగ్గర పెరగాలన్నారు. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం తండ్రి తనతో ఉంచుకోవచ్చన్నారు. తండ్రి ఒప్పుకోకుండా పిల్లను రాష్ట్రం దాటించకూడదని కూడా రాశారు. ఆ చివరి మాట అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కర్నూలు వదిలిపోవడమే గొప్ప అనుకునే రోజులవి. తర్వాత పద్మావతికి హైదరాబాదు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. హైదరాబాదు అప్పటికి మా రాష్ట్రంలోదే. ఏడేళ్ళ పిల్లను, రెండు సూట్‌కేసులను తీసుకుని మా డిపో బస్సులోనే వెళ్ళిపోయింది.

పద్మావతి నాకు మేనత్త కూతురు. మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను బావా అనే పిలిచింది. కోర్టు పెళ్ళిని రద్దు చేసింది గానీ వరసను రద్దు చేయడం ఏ కోర్టు వల్లా కాదు. పాపం, విడాకులయ్యాక నన్ను ఏమని పిలవాలో ఆమెకు తోచలేదు. ఏమనీ పిలవకుండా మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఎందుకు విడిపోయారని అడిగేవాళ్ళకు నేను ఇప్పటికీ జవాబు చెప్పను. అది మా ఇద్దరి గొడవ.

బండి తెల్లవారేసరికి ఇమ్లిబన్ బస్టాండు చేరేది. సాయంత్రం తిరుగు సర్వీసు దాకా మాకు విశ్రాంతి. డ్రైవరు తిమ్మప్ప రెస్ట్‌రూములో ముసుగుతన్ని పడుకుంటే, నేను కుళాయి కింద నాలుగు చెంబులు పోసుకుని, ఖాకీ విప్పి ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాణ్ణి.

"రాత్రంతా బస్సులో నిలబడి, తెల్లారంగానే మళ్ళీ బస్సెక్కే పిచ్చోడివి నువ్వొక్కడివేప్పా," అనేవాడు తిమ్మప్ప దుప్పటిలోంచి.

"నీకేం, ఇంటికి పోతే ముగ్గురు పిల్లోళ్ళు మీద పడతారు. నిద్రపో."

సిటీ బస్సులో "స్టాఫ్" అంటే చాలు, అక్కడి కండక్టరు తలూపి ముందుకు పోయేవాడు. అమీర్‌పేటలో బండి మారి, చెక్‌పోస్టు దాటి మాదాపూర్‌లో దిగేసరికి ఎండ వచ్చేది. అప్పటికి మాదాపూర్ సగం ఊరు, సగం బండలు. గుండ్రంగా కట్టిన పెద్ద అద్దాల మేడ ఒకటి కొత్తగా లేచింది. ఆదివారాలు దాన్ని చూడటానికి జనం పెళ్ళాం పిల్లలతో స్కూటర్ల మీద వచ్చేవాళ్ళు. దాని చుట్టూ బండలు పేలుస్తూనే ఉండేవారు. పేల్చే ముందు ఒకడు ఎర్రజెండా పట్టుకుని ఈల వేస్తే రోడ్డు మీద అందరూ నిలబడిపోయేవారు. ఈల వేసి జనాన్ని ఆపే ఉద్యోగం నాదొక్కడిదే కాదని అక్కడే తెలిసింది.

పద్మావతి కిరాయికున్న ఇల్లు పాత ఊళ్ళో, ఒక మేడ మీది రెండు గదులు. రోడ్డుకు ఇవతల బాలమ్మ చాయ్ కొట్టు, దాని ముందు ఒక చెక్కబల్ల. ఇంట్లోకి రమ్మని ఆమె అనలేదు, వస్తానని నేను అనలేదు. పొద్దున ఆ బల్ల దగ్గర పిల్లను నాకు అప్పజెప్పేది, సాయంత్రం నాలుగింటికి అక్కడే తీసుకునేది. పార్సిల్ ఆఫీసుకూ మాకూ సంతకం ఒక్కటే తేడా.

పిల్ల చేతికి వచ్చాక అసలు తిప్పలు మొదలయ్యేవి. ఎక్కడికి పోవాలి? ఎక్కడ కూర్చోవాలి? శిల్పారామానికి రెండుసార్లు పోయాం. మూడోసారికి పాప మూతి ముడుచుకుంది. హోటల్లో దోసె తిన్నాక ఎంతసేపని కూర్చుంటాం, సర్వరు బల్ల తుడిచిందే తుడుస్తుంటే లేవాల్సి వచ్చేది. వాన పడితే కడుతున్న మేడల కింద నిలబడేవాళ్ళం. ఒకసారి అట్లా నిలబడినప్పుడు పిల్ల నా భుజం మీదే నిద్రపోయింది. పడుకోబెట్టడానికి నాకంటూ ఒక చాప పరిచిన చోటు ఆ ఊళ్ళో లేదు. వాన ఆగేదాకా భుజం మార్చుకుంటూ నిలబడ్డాను. సొంత కూతురికి నేను చుట్టాన్నయిపోయానని ఆ రోజు బాగా ఏడుపొచ్చింది.

చివరికి నాకు తెలిసిన పనే చేశాను. బస్సెక్కించాను. మాదాపూర్ నుంచి కోఠికి, కోఠి నుంచి మళ్ళీ మాదాపూర్‌కి. పాపకు డ్రైవరు పక్కన ముందు సీటు ఇష్టం. నాకేమో బస్సులో కూర్చుని ప్రయాణం చేయడమే కొత్త.

"నాన్నా, నువ్వు మళ్ళ ఎప్పుడొస్తవు?" ఒకసారి కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"ఒక వారం విడిచి ఇంకో వారం వస్తా."

"పక్కానా?"

"పక్కా."

కోర్టు కాగితం భాష పిల్లకేం చెబుతామని, నోటికి తేలిగ్గా వచ్చిన మాట చెప్పాను. జూన్‌లో "యాడికి పోదాం నాన్నా" అన్న పిల్ల, ఆగస్టు వచ్చేసరికి "ఏంది నాన్నా, గట్ల చూస్తున్నవ్" అంటోంది. ముద్దుగానే ఉంది. కానీ ఆ నోట్లోంచి మా ఊరు రెండు నెలల్లో జారిపోతే, నేను జారిపోవడానికి ఎన్ని నెలలు పడుతుందని తిరుగు ప్రయాణంలో టికెట్లు కొడుతూ అదే లెక్క వేసుకునేవాణ్ణి.

ఆగస్టులో ఒక ఆదివారం నాలుగింటికి పద్మావతి కిందికి వచ్చి, పిల్లను తీసుకోకుండా బల్ల రెండో చివర కూర్చుంది. హరితను బాలమ్మ మనవరాళ్ళతో ఆడుకొమ్మని పంపింది.

"ఒక మాట చెప్పాల," అంది.

"చెప్పు."

"మా కంపెనీ ఢిల్లీ పక్కన నోయిడాలో ఆఫీసు తెరుస్తాంది. నన్ను పొమ్మంటాండారు. అక్కడ టీముకు పెద్ద నేనే. ఇక్కడ చేసేదంతా కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం తేదీలు సరిచేసే పని. జనవరి వస్తే అది అయిపోతాది. ఆ తర్వాత నన్ను ఉంచుతారో లేదో తెలీదు."

"పిల్ల?"

"నాతోనే. నువ్వు ఒప్పుకుంటేనే."

"ఒప్పుకోను." ఆలోచించి అన్న మాట కాదు, ఈల నోట్లో ఉన్నట్టు వచ్చేసింది. "ఢిల్లీకి పోయి రెండేండ్లయితే నేనెవరో దానికి గుర్తుంటాదా? హిందీ మాట్లాడుకుంటా తిరుగుతాది. నేను పోతే ఎవరో మామ వచ్చినాడని తలుపు చాటుకు పోతాది."

"మరిచిపోనిస్తానా నేను?"

"ఎవరు చూసొచ్చినారు?"

ఆమె లేచి పిల్లను పిలిచి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. పిల్ల ఎప్పటిలాగే మెట్ల మీద నుంచి నాకు చెయ్యి ఊపింది.

కర్నూల్లో మా లాయరు ఈ సంగతి విని సంబరపడ్డాడు. "నువ్వు ఊరికే కూచో. నువ్వు సరే అనందాకా ఆమె కాలు కదపలేదు," అన్నాడు. నాకూ లోపల గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు. ఇన్నాళ్ళూ ఆమె పోతుంటే నేను వెనక పోయాను. ఇప్పుడు నేను ఆగమంటే ఆమె ఆగాలి.

తిమ్మప్పకు మాత్రం నచ్చలేదు. జడ్చర్లలో చాయ్ తాగుతూ అన్నాడు, "ఆ యమ్మి నీ అత్త కూతురే గదప్పా. అడ్డం పడి ఏం సాధిస్తావు?"

"అడ్డం పడకుంటే నాకేం మిగుల్తాది తిమ్మప్పా? నెలకు రెండు ఆదివారాలు. అవి గూడా ఇచ్చేసి ఇంటికి పోయి ఏం చెయ్యాల?"

అతను గ్లాసు కడిగి ఇచ్చేసి బండెక్కాడు.

అంతలో ఎన్నికలు వచ్చాయి. గోడలన్నీ రంగులయ్యాయి, జీపులకు మైకులు వచ్చాయి. మా డిపోలో సగం బస్సులను పోలింగ్ డ్యూటీకి పట్టుకుపోయారు. నన్నూ తిమ్మప్పనూ ఆలూరు వైపు వేశారు. టీచర్లను, పోలీసులను, బ్యాలెట్ పెట్టెలను పల్లెల్లో దింపడం, పోలింగ్ అయ్యాక మళ్ళీ ఎక్కించుకు రావడం. పోలింగ్ శనివారం. మర్నాడు సెప్టెంబరు రెండో ఆదివారం, నాది. కంట్రోలరును బతిమాలాను, మేనేజరు కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. "కలెక్టరు ఆర్డరయ్యా, నేనేం చేసేది?" అన్నాడాయన. ఆలూరులో ఎస్టీడీ బూతు నుంచి పద్మావతి ఇంటి ఓనరు నెంబరుకు చేస్తే ఎంతసేపటికీ లైను కలవలేదు.

ఆదివారం పొద్దున పెట్టెలు అప్పజెప్పి, సంతకం తీసుకుని, ఆ ఖాకీతోనే కర్నూలు వచ్చి హైదరాబాదు పోయే మొదటి బండెక్కాను. రెండు రోజులుగా స్నానం లేదు, నిద్ర లేదు. మాదాపూర్‌లో దిగేసరికి నా టైము ఎప్పుడో అయిపోయింది. నాలుగు దాటాక నాకు పిల్లను ముట్టుకునే హక్కు లేదు. కనీసం మేడ కింద నిలబడి, రాలేకపోయానని కేకేసి చెప్పి పోదామని వచ్చాను.

బల్ల మీద పద్మావతి కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని హరిత నిద్రపోతోంది. పక్కన అన్నం గిన్నె, నీళ్ళ సీసా.

నన్ను చూసి ముందుగా లేచింది బాలమ్మ.

"ఏందయ్యా, గిదేనా వచ్చుడు? పొద్దుగాల సంది కూసున్నది పోరి. బస్సు సప్పుడైతె సాలు, రోడ్డు మీదికి ఉరుకుడే. పోయిన ఐతారం గూడ గిట్లనే కూసున్నది."

"పోయిన ఆదివారం నాది కాదు గదమ్మా," అన్నాను. "రెండోది, నాలుగోది నావి."

"గది పోరికేం ఎర్క? ఒక వారం ఇడిసి ఒక వారం అంటది అది. నువ్వే సెప్పినవంట."

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత వేళ్ళ మీద ఆదివారాలు లెక్కపెట్టాను. ఆగస్టులో ఐదు ఆదివారాలు వచ్చాయి. నాలుగోది నాది. తర్వాత ఐదోది, ఆపైన సెప్టెంబరు మొదటిది, రెండూ వరసగా నావి కావు. కోర్టుకూ మా డిపో చార్టుకూ ఆ లెక్క తెలుసు. హరితకు తెలిసింది నేను బస్సులో చెప్పిన మాట ఒక్కటే. ఒక వారం విడిచి, మరుసటి వారం వచ్చి బల్ల మీద కూర్చుంది. నేను రాలేదు. ఈ వారం మళ్ళీ కూర్చుంది.

పద్మావతి వైపు తిరిగాను. "నా వారం కాదని నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా. నమ్మలేదు." పిల్ల లేస్తుందని గొంతు తగ్గించింది. "నువ్వే నాన్నను రావొద్దన్నవా అని అడిగింది. చెయ్యి పట్టుకోని పైకి ఈడ్చుకోని పోతే అదే నిజమనుకుంటాది. అందుకే నేనూ వచ్చి కూచున్నా."

"పోయిన వారం గూడా?"

"రెండు వారాలూ. అన్నం ఇక్కడికే తెచ్చి పెట్టినా బావా."

ఆ పిలుపు ఆమెకు తెలియకుండానే వచ్చింది. బాలమ్మ పొయ్యి దగ్గరికి పోయి గిన్నెలు సర్దింది.

ఆమెకూ వారంలో అదొక్కటే సెలవు. గుడ్డలుతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, కాసేపు నడుం వాల్చాలి. ఆ రెండు ఆదివారాలూ రాని నాకోసం ఆమె రోడ్డు పక్కన కూర్చుంది. నా మీద ప్రేమతో కాదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. పిల్ల మనసులో నాకున్న చోటు పోకూడదని. నాకు తెలియకుండా చేసింది, ఆ సాయంత్రం నేను రాకపోతే ఎప్పటికీ తెలిసేది కూడా కాదు. ఆమె స్థానంలో నేనుంటే, చూశావా మీ నాన్న రాలేదు అనేవాణ్ణే.

"దాన్ని లేపొద్దు. ఇట్ల కూచో," అని పిల్ల తలను నా ఒళ్ళోకి మార్చి, గిన్నె తీసుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయింది. టైము అయిపోయిందని అనలేదు. బాలమ్మ నేను అడక్కుండానే చాయ్ ఇచ్చింది. కొట్టు ముందు లైటు వేసేదాకా అట్లాగే కూర్చున్నాను. ఖాకీ చొక్కా వాసనకు కూడా పిల్ల లేవలేదు.

తర్వాత ఎత్తుకుని మెట్లెక్కాను. ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. గుమ్మంలోనే పిల్లను అందించాను.

"కోర్టుకు ఏ రోజు రావాల్నో చెప్పి పంపు," అన్నాను.

"దేనికి?"

"నోయిడా పోయేదానికే. పండగ సెలవులు, ఎండాకాలం సెలవులు మాత్రం నావి."

"నీవే," అంది. పిల్ల బరువుకు వంగి తలుపు పట్టుకుని ఉంది. నేను మెట్లు దిగేదాకా తలుపు వేసిన చప్పుడు వినపడలేదు.

అక్టోబరులో కర్నూలు కోర్టులో జడ్జిగారు, "మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగారు. లేదన్నాను. మా లాయరు నా వైపు చూసిన చూపు చూడాలి, చేతికొచ్చిన చేపను నీళ్ళలోకి వదిలినట్టు చూశాడు. సెలవుల సంగతి రాయించుకుని బయటికి వచ్చాం. పద్మావతి వాళ్ళ అన్న దూరం నుంచే నమస్కారం పెట్టాడు.

వాళ్ళు వెళ్ళే ముందటి ఆదివారం పొద్దున, పిల్లను అప్పజెబుతూ పద్మావతి చిన్నగా అంది. "ఢిల్లీ సంగతి చెప్పినా. నువ్వు ఆదివారాలు రావనే సంగతి చెప్పనీకె నాకు నోరు రాలేదు. అది నువ్వే చెప్పు."

ఆ రోజు బస్సెక్కలేదు. బాలమ్మ కొట్టు వెనక ఇంకా పేల్చని పెద్ద బండ ఒకటి మిగిలింది, దాని మీద కూర్చున్నాం. కింద ఎవరో ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్ప మీద బాలమ్మ మనవరాళ్ళు, వీధి పిల్లలు అరుచుకుంటూ జారుతున్నారు. హరిత ఆపకుండా ఢిల్లీ కబుర్లు చెప్పింది. అక్కడ చలి ఉంటదంట, అమ్మ ఎర్ర స్వెట్టర్ కొన్నదంట, స్కూలుకు బస్సు ఇంటి ముందుకే వస్తదంట. నేను ఊఁ కొట్టాను. తెచ్చిన జామపండ్లు రెండూ తనే తినేసింది.

"నాన్నా, గాడికి నువ్వు ఏ బస్సుల వస్తవు?"

"అంత దూరం మన బస్సు పోదమ్మా."

"అయితే రైలుల రా."

"సెలవులిచ్చినప్పుడు నేనే వచ్చి నిన్ను పిల్చుకొస్తా. ఆ సెలవులన్నీ కర్నూల్లో నాతోనే ఉంటావు. ఆదివారాలు మాత్రం రాలేను హరీ. ఏ ఆదివారమూ రాలేను."

ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. బల్ల వైపు, రోడ్డు వైపు చూసింది. లెక్కల పలక ముందున్నప్పటి మొహం పెట్టింది.

"మరి ఆదివారం నేనేడ కూసోవాలె?"

కండక్టరుగా రోజుకు వందసార్లు వినే ప్రశ్న అది. ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు, మూటలవాళ్ళు, బస్సెక్కిన ప్రతివాళ్ళూ అదే అడుగుతారు. కిటకిటలాడే బండిలో కూడా ఏదో ఒక సీటు చూపించకుండా నేను ఎవర్నీ నిలబెట్టలేదు.

"ఏడా కూచోవద్దమ్మా," అన్నాను. "నువ్వు ఆడుకోవాల."

"ఆడుకోవాల్నా?"

"ఊఁ. ఆదివారం ఆడుకోవాల."

ఇసుక కుప్ప వైపు చూసింది, నా మొహంలోకి చూసింది. "ఇప్పుడు పోనా?"

"పో."

బండ మీద నుంచి జర్రున జారి, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది. కాసేపటికి ఆ అరుపుల్లో హరిత గొంతేదో పోల్చుకోవడం కష్టమైంది. నాలుగు కావడానికి ఇంకా చాలా టైముంది. ఆ ఆదివారం నాదే. అంతసేపూ ఆ బండ మీద ఒక్కణ్ణే కూర్చున్నాను.